పెద్దమ్మ కాలి అచ్చు

మొన్న మనవరాలు నన్ను చెప్పుల షాపుకి తీసుకెళ్ళింది. ఏడో నంబరు వేలు నొక్కుతోంది, ఎనిమిదో నంబరు మడమ దగ్గర జారిపోతోంది. మధ్యలో ఏమీ ఉండదా అని అడిగితే, అమ్మే కుర్రాడు తప్పంతా నా పాదాలదే అన్నట్టు వాటివైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చాడు, జంషెడ్‌పూర్ సాక్చి బజారులో బూట్లు కుట్టే చైనా మేస్త్రీ.

పేరుకే చైనా. ఆయన పుట్టింది ఆ బజారు వెనక సందులోనే. మా పెద్దమ్మకి చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు రెండంగుళాలు పొట్టిదైపోయింది. పెళ్ళి చేసుకోకుండా మాతోనే ఉంటూ, ఆ ఊళ్ళోనే కాసిడీహ్ పేటలో బడిపంతులమ్మగా పనిచేసేది. మేస్త్రీ ఆమె పాదాన్ని కాగితం మీద గీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసి, చెక్కతో అచ్చు చెక్కాడు. దాని మీద తోలు బిగించి, లోపల బెండు పొరలు పేర్చి, ఎత్తు పెంచినట్టు బయటికి తెలియకుండా బూటు కుట్టాడు. అది తొడుక్కున్న రోజు కొనాల్సిందేమీ లేకపోయినా పెద్దమ్మ బజారంతా రెండుసార్లు తిరిగింది. కుంటడం వల్ల వచ్చిన నడుంనొప్పి పోయింది. ఆమె ముక్కుమీది కోపం మాత్రం పోలేదు. అది కాలి వల్ల వచ్చింది కాదని మాకప్పుడే తెలిసింది.

చైనాతో యుద్ధమొచ్చిన ఏడాది నేను మెట్రిక్ చదువుతున్నాను. కొత్త జత సరిచూసుకోడానికి పెద్దమ్మా నేనూ ఒక మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాం. పెద్దమ్మ ఒక బూటు తొడుక్కుంది, రెండోది మేస్త్రీ చేతిలో ఉంది. అప్పుడొచ్చింది గుంపు. దుకాణం అద్దం పగిలి నా జడలో ముక్కలు పడ్డాయి. మేస్త్రీ చేతిలో బూటు వదిలేసి, భార్యని వెనక గుమ్మంలోంచి బయటికి తోసి, తను గుంపువైపు తిరిగి నిలబడ్డాడు. నేను తోలు కోసే బల్ల కిందికి దూరాను. ఇనపరాడ్డు మొదట ఆయన భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఇద్దరు ఆయన కుడిచేతిని ఇనప దిమ్మ మీద అదిమి పట్టుకుంటే, మూడోవాడు ఆయన సుత్తితోనే వేళ్ళు చితక్కొట్టాడు. ఆ మూడోవాడు మా పక్కింటి బాబాయి. చుట్టరికం లేదు, పిలుపే. ఏటా క్రిస్మస్ భోజనం మా ఇంట్లోనే చేసేవాడు.

పెద్దమ్మ ఒంటికాలి బూటుతో ఒరిగిపోతూ వెళ్ళి సుత్తి పట్టుకుంది. "తమ్ముడూ, ఏటి చేత్తన్నావు?" అంది, క్లాసులో అడిగినట్టు.

"తప్పుకో అక్కా, నీకు తెల్దు," అన్నాడతను.

ఆమె తప్పుకోలేదు. మేస్త్రీ మీద పడి ఆయన్ని కప్పేసింది. తన్నులన్నీ ఆమె వీపే తింది. ఇంకెవరో గోడకి వేలాడే ఊరివాళ్ళ కాలి అచ్చులు లాగి విసురుతున్నారు. ఒకటి తగిలి ఆమె నుదురు చీలింది. మేస్త్రీ చొక్కా మీద ఎవరి నెత్తురు ఎంతో తెలీలేదు. నేను కిందపడ్డ రెండో బూటుని గుండెకి హత్తుకుని బల్ల కిందే ఉన్నాను. బయటికి రాలేదు. ఇప్పటికీ ఆ మాట రాయడానికి చెయ్యి వెనకాడుతుంది.

తర్వాత అచ్చులన్నీ వీధిలో పోగేసి కిరసనాయిలు పోశారు. ఊళ్ళో వాళ్ళ పాదాలన్నీ కాలాయి, పెద్దమ్మదీ కాలింది, కాల్చినవాళ్ళవీ కొన్ని. పోలీసులొచ్చి లారీ ఎక్కించింది కొట్టినవాళ్ళని కాదు, మేస్త్రీనీ ఆయన భార్యనీ. ఎక్కడో ఎడారిలో చైనావాళ్ళని నిర్బంధించే క్యాంపుకి పంపారని విన్నాం. వాళ్ళు తిరిగి రాలేదు.

క్రిస్మస్‌కి బాబాయి కమలాపళ్ళ బుట్టతో వచ్చాడు. పెద్దమ్మ నుదుటి మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. గొళ్ళెం తియ్యకుండా లోపల్నుంచే అంది: "ఆయన చెయ్యి బాగయ్యిందో లేదో కనుక్కుని రా. అప్పుడు తలుపు తీత్తాను."

అతను బుట్ట గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఎప్పుడూ రాలేదు. పళ్ళు నేను వీధిలో పారబోశాను. మొత్తానికి నేను చేసింది అదొక్కటే.

ఆ కొత్త జత మూడేళ్ళు మన్నింది. తర్వాత కలకత్తా దాకా వెళ్ళి కుట్టించినా ఒక్కటీ కుదరలేదు. ఒకటి వేలు కొరికేది, ఒకటి చీలమండ ఒరిసి పుండు చేసేది. ఆ దుకాణం నాశనం కావడానికి అరగంట కూడా పట్టలేదు. ఆ అరగంటని పెద్దమ్మ ఇరవై ఏళ్ళకి పైగా కుంటుతూ నడిచింది.