మంగళం పాడని భజన

హిందూపురం బస్టాండు ఎదురుగా నాకు ఫ్లెక్సీల అంగడి ఉంది. పెళ్ళివాళ్ళు, చచ్చినవాళ్ళు, గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు, అందరి మొహాలూ నా మిషన్‌లోంచే బయటికొస్తాయి. వేసిచ్చి మర్చిపోతాను. ఒక్క పెనుకొండ ఉత్సవం ఫ్లెక్సీ తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఉత్సవం తెచ్చినవాడు ఓబులేసు. చిన్నప్పటి స్నేహితుడు కాబట్టి వాడు అంటున్నాను, మర్యాద తెలియక కాదు. హిందూపురం నుంచి సోమందేపల్లి, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే ఆర్టీసీ బస్సులో ఇరవై రెండేళ్ళుగా కండక్టరు. సోమందేపల్లి పక్క పల్లెలో అంజనప్ప గురువు దగ్గర చెక్కభజన నేర్చుకున్నాడు. చేతుల్లో చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, మధ్యలో దీపం, చుట్టూ పదహారు మంది. ఇంతకన్నా ఆ మనిషి ఏమీ కోరుకోలేదు. వాడి భార్య స్వప్న నవ్వుతూనే అంటుంది, "మా ఆయనకు నేను రెండో పెళ్ళాం కేశవన్నా, మొదటిది ఆ చెక్కలే" అని.

పదకొండేళ్ళ కిందట వాడికి ఏ పురుగు కుట్టిందో, మన ఊళ్ళ కళలకు మన దగ్గరే ఒక ఉత్సవం జరగాలని పట్టుబట్టాడు. టికెట్ల మిషన్ కింద ఒక నోటుబుక్కు పెట్టుకుని, "చిల్లర మళ్ళీ ఇస్తా, ముందు ఈడ సంతకం పెట్టప్పా" అని బస్సెక్కిన ప్రతివాణ్ణీ సతాయించేవాడు. ధర్మవరం మగ్గాలవాళ్ళు, పెనుకొండ కాలేజీ ఆడపిల్లలు, ఆమడగూరు నుంచి కూలికొచ్చేవాళ్ళు అందరూ పెట్టారు. వేలిముద్రలతో సహా మూడు పుస్తకాలు నిండాయి. సెలవు దొరికితే చాలు, అర్జీ పట్టుకుని ఏదో ఒక ఆఫీసు ముందు నిలబడేవాడు. ఎవరేమన్నా "సరే సార్" అని వెనక్కొచ్చేవాడు. నీకు సిగ్గులేదురా అని నేను తిట్టేవాణ్ణి. నవ్వేసి ఊరుకునేవాడు.

వాడి తాపత్రయమంతా అంజనప్ప గురువు కోసం. ఆయనకు ఎనభై దాటాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. "పెద్ద మైదానంలో, నలుగురూ చూస్తాండగా ఒక్క భజన నిండుగా చేసి మంగళం పాడతా ఓబులేసూ. ఆన్నే గజ్జెలిప్పి నీ చేతిలో పెడతా" అని మాటిచ్చాడు. ఆ గజ్జెలు ఆయనకు ఆయన గురువు ఇచ్చినవి. వాటిని అందుకున్నవాడే తర్వాత గురువు.

వాళ్ళ భజనకు ఒక కట్టుబాటు ఉంది. మధ్యలో ఇత్తడి దీపస్తంభం, మా వైపు సెమ్మె అంటాం, అది పెట్టి దీపం వెలిగించాక, చివర్లో మంగళహారతి పాడేదాకా ఆ దీపాన్ని ఎవరూ ముట్టుకోరు. మంగళం పాడనిదే కాళ్ళ గజ్జెలు విప్పరు. వాన వచ్చినా సరే, గొడుగు దీపానికి పట్టి తాము తడుస్తారు.

పోయినేడు ఫిబ్రవరిలో ఎట్టకేలకు ఉత్సవం ఖాయమైంది. కమిటీ ఏర్పడింది. సెక్రటరీ మల్లికార్జున నాకు నలభై అడుగుల ఫ్లెక్సీ ఆర్డరిచ్చాడు. పైనంతా అతిథుల మొహాలు. చెక్కభజన బొమ్మ కావాలంటే ఏదో వేరే రాష్ట్రం డాన్సు ఫోటో ఫోన్‌లో పంపాడు. ఓబులేసు పేరు మాత్రం కింద మూలన, భూతద్దం పెడితే కనపడేటట్టు. నేను గొణిగితే ఓబులేసే నన్ను ఊరుకోబెట్టాడు. "పోనీలే కేశవా, గురువు గజ్జె కడతాండాడు గదా, అది చాలు."

పెనుకొండ కాలేజీ మైదానంలో సాయంత్రం నాలుగుకు వీళ్ళకు అరగంట టైమిచ్చారు. నేను ఫ్లెక్సీ కట్టించి అక్కడే నిలబడ్డాను. గురువు కూతురు చౌడమ్మ దీపం వెలిగించింది. ఆయన కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. అబ్బా, ఆ గొంతు! రెండో పాటకే జనం ఫోన్లు జేబుల్లో పెట్టుకుని దగ్గరికి జరిగారు. ముప్పై రెండు కాళ్ళు ఒక్కసారి నేలను తాకుతుంటే నా అరికాళ్ళకు తెలుస్తోంది. ఓబులేసు మొహంలో అంత వెలుగు వాడి పెళ్ళిలో కూడా నేను చూడలేదు.

మూడో పాట మధ్యలో మల్లికార్జున పరుగెత్తుకొచ్చి ఓబులేసును వలయంలోంచి పక్కకు పిలిచాడు. "ఓబులేసన్నా, ముఖ్య అతిథి వచ్చేసినారు. స్టేజీ మీద ఎలిగిచ్చే దీపం ఇంకా రాలేదు, ఆటోలో యాడనో ఉండాదంట. మీ సెమ్మె ఒక్క నిమిషం ఇయ్యన్నా."

"పాట నడుస్తాండాది సార్. మంగళం కావల్ల."

"సెమ్మె ఇచ్చి పాడుకోండి, ఎవరొద్దన్నారు? ఆయన అలిగి పోయినాడంటే మళ్ళీ ఏడు ఉత్సవమే ఉండదు. నీ ఇష్టమన్నా."

ఓబులేసు గురువు వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. స్టేజీ వైపు చూశాడు. తర్వాత, పాపిష్టివాడు, వలయంలోకి నడిచి రెండు వేళ్ళతో వత్తి నలిపి, సెమ్మె ఎత్తుకున్నాడు.

"ఒరే ఓబులేసూ, నీకు మతి పోయిందా!" అని నేను అరిచాను. వాడు ఆగలేదు. అడుగులు ఆగిపోయాయి. గురువు కళ్ళు తెరిచాడు.

"దీపమేదప్పా?" అన్నాడు.

స్టేజీ మీద అతిథి ఆ సెమ్మెనే కొవ్వొత్తితో వెలిగించాడు. ఫోటో సరిగ్గా రాలేదని ఆర్పి మళ్ళీ వెలిగించాడు. ఆ తర్వాత కళలను కాపాడుకోవాలని గంటకు పైగా మాట్లాడాడు. ఉపన్యాసం అయ్యాక మీరేనన్నారు. అయ్యాక బెంగుళూరు ఆర్కెస్ట్రా అన్నారు. గజ్జెలు కట్టుకున్న పదహారు మంది, నడుమ గురువు, మట్టిలో చతికిలబడి కూర్చున్నారు. మధ్యలో ఓబులేసును పైకి పిలిచి శాలువా కప్పి "కళాబంధు" అని బిరుదిచ్చారు. వాడు వెళ్ళి కప్పించుకున్నాడు కూడా. ఆరు దాటాక సెమ్మె తిరిగొచ్చింది, ఒళ్ళంతా మైనం మరకలతో. అప్పటికి మైదానమంతా ఆర్కెస్ట్రా మోత, మంగళం పాడే చోటే మిగల్లేదు.

తిరుగు బస్సులో నేనూ ఉన్నాను. "నాయనా, గజ్జెలిప్పు, కాళ్ళు వాచినాయి" అని చౌడమ్మ బతిమాలింది.

"మంగళం యాడ పాడినామమ్మా?" అన్నాడాయన.

బస్సు గుంతల్లో పడ్డప్పుడల్లా గజ్జెలు మోగాయి. వెనక సీట్లో ఎవరో నవ్వారు. ఓబులేసు శాలువా చంకలో పెట్టుకుని సోమందేపల్లి దాకా నిలబడే ఉన్నాడు.

మూడు రోజులు ఆయన గజ్జెలు విప్పలేదు. అసలే షుగరు మనిషి, నాలుగో రోజుకు తాడు చర్మంలోకి దిగింది. చౌడమ్మ ఏడుస్తూ కత్తెరతో కోసింది. ఓబులేసు వారం వారం పోయి గడప బయట కూర్చునేవాడు. "గురువా, తప్పయిపోయింది. మనూర్లోనే ఎలిగిద్దాం రా, మంగళం పాడుదాం" అని ఏడ్చేవాడు. ఆయన అన్నది ఒక్కటే మాట: "ఆర్పినోడివి నువ్వే ఎలిగిస్తావా?" ఆ తర్వాత ఆ పల్లెలో చెక్క మోగలేదు.

ఈ జనవరిలో మల్లికార్జున ఫోన్ చేసినప్పుడు ఓబులేసు నా అంగట్లోనే ఉన్నాడు. "అన్నా, ఈ తూరి టైం తక్కువుండాది, మీ టీమేమీ రావద్దులే. ఆ సెమ్మె మటుకు పంపియ్. ఫోటోల్లో శానా బాగా పడింది."

"సరే సార్" అన్నాడు ఓబులేసు.

నేను చేతిలో ఉన్న టేపు నేలకేసి కొట్టాను. "సరే ఏందిరా సరే? నీ నోట్లో ఇంకో మాట పుట్టదా?"

వాడు ఫోన్ వైపే చూస్తూ, "పదకొండేండ్లు అదే మాటంటిని కేశవా. నాలిక దానంతటదే అనేసింది" అన్నాడు. వాడు అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు.

సెమ్మె పంపబోమనే మాటైనా గురువు ముఖం మీద చెప్పి రా అని, బండెక్కించుకుని పల్లెకు తీసుకుపోయాను. మేము చేరేసరికే మల్లికార్జున చౌడమ్మకు కూడా ఫోన్ చేసి, ఓబులేసు సెమ్మె పంపుతానన్నాడని చెప్పి ఉన్నాడు. ఓబులేసు నోరు తెరిచేలోపే గురువు గోడ పట్టుకుని లోపలికి పోయి సెమ్మె తెచ్చాడు. మైనం మరకలన్నీ చింతపండు పెట్టి తోమి ఉన్నాయి. మళ్ళీ లోపలికి పోయి ఒక గుడ్డ మూట తెచ్చాడు. దాన్లో తాడు తెగిన గజ్జెలు.

"సెమ్మె కోసరమే గదప్పా వచ్చినావు? తీస్కపో. ఇవి గూడా తీస్కపో, నీకిస్తానని మాటిచ్చినా గదా."

తలుపు వేసుకున్నాడు. ఓబులేసు ఆ మూట గుండెకు పట్టుకుని వాకిట్లో కూలబడ్డాడు. నేను లేపబోతే నా చెయ్యి విదిలించుకున్నాడు.

సెమ్మె, గజ్జెలు రెండూ ఇప్పుడు నా అంగట్లో ఒక మూలనున్నాయి. ఇంటికి తీసుకుపోవడానికి వాడికి చేతులు రాలేదు. పెనుకొండకు మాత్రం పంపలేదు. ఉత్సవమేమీ ఆగలేదు, వాళ్ళకు ఇంకో దీపం దొరికింది. ఈ ఏటి ఫ్లెక్సీ కూడా నేనే వేశాను.