గండికోటలో మా తమ్ముడికి వినబడిన పిలుపు

దయ్యం, గాలి సోకడం అంటూ ఎవరైనా మొదలుపెడితే నేను ముందు అడిగేది, "అప్పుడు నీకు జ్వరముందా? కడుపు నిండా తిని, సరిగ్గా నిద్రపోయినావా?" అని. పులివెందుల దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఇలాంటివి నేనెప్పుడూ నమ్మలేదు. ఇది రాయడానికి మూడేళ్లు ఆగింది కూడా, ఏదో ఒక కారణం దొరక్కపోతుందా అనే. దొరకలేదు.

మా తమ్ముడు ఓబులేసు ప్రొద్దుటూరులో టైలరు. ఆరేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ రెండు చెవులూ పోయాయి. చెవి మిషను పెట్టినా లాభం లేదన్నారు డాక్టర్లు. వినబడకపోయేసరికి మాటలు కూడా ఒక్కొక్కటే జారిపోయాయి. నేను చెబుతున్న నాటికి వాడికి ముప్పై ఎనిమిదేళ్లు. నోట్లో మిగిలినవి "అక్కా", "అమ్మా", ఇంకో నాలుగైదు మాటలు. తక్కినదంతా మా ఇంట్లో పుట్టిన చేతి సైగలే.

గండికోటకు నడిచే పోవాలన్నది వాడి పట్టు. కార్లో పోతే కొండెక్కినట్టు కాదంటాడు. చలికాలం, ఒక ఆదివారం. ప్రొద్దుటూరులో మొదటి బస్సు ఎక్కి జమ్మలమడుగులో దిగాం. టీ తాగి, ఎండ పడకముందే నడక మొదలుపెట్టాం. పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది.

మోకాళ్ల గురించి భయపడుతూ బయల్దేరాను గానీ, ఊరు దాటి శనగ చేలు వచ్చేసరికి నాకూ హుషారు పుట్టింది. వాడు ముందుకు పరుగెత్తడం, మళ్లీ వెనక్కొచ్చి నా చేయి పట్టి లాగడం. ఎత్తు మీద ఆగి వెనక్కి తిరిగితే, జమ్మలమడుగంతా చాటలో పోసిన బొరుగుల్లా కనబడింది. అది చూసి వాడు రెండు చేతులూ గాల్లోకెత్తి ఎగిరాడు.

కోటలోకి పోయేసరికి పది దాటింది. జనమంతా లోయ దగ్గర ఫోటోలు దిగుతున్నారు. మేము పాత ధాన్యపు కొట్టు దాటి, ఎవరూ పోని పక్కకు, కూలిన గోడల్లోకి పోయాం. అక్కడ ఒక ముసలాయన గొర్రెలు మేపుతున్నాడు. ఇంకెవరూ లేరు.

బండ మీద కూర్చుని చిత్రాన్నం గిన్నె తీస్తుంటే స్టీలు మూత జారి, వాడి వెనక రాళ్ల మీద పడింది. వాడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

బండ అదిరింది కాబోలు అనుకున్నాను. అంతలో ఒక గొర్రె అరిచింది. వాడు దాని వైపు తిరిగాడు. ఇంకోటి అరిచింది. దాని వైపూ తిరిగాడు. నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

నేను సైన్సు టీచరును. పరీక్ష పెట్టాలనిపించింది. ముప్పై అడుగులు లెక్కపెట్టి, నాకంటే ఎత్తున్న గోడ వెనక్కి పోయాను. శబ్దం తెలిస్తే చేయెత్తమని వాడికి సైగ చేశాను. వాడి చేయి చూసి నాకు చెప్పమని ముసలాయనను అడిగాను. ఎండ నా ఎదురుగా ఉంది. నా నీడ వాడికి కనబడే వీలు లేదు.

చప్పట్లు కొట్టాను.

"ఎత్తినాడు తల్లీ," అన్నాడు ముసలాయన.

ఊరికే నిలబడ్డాను. ఎత్తలేదు. మళ్లీ కొట్టాను, ఎత్తాడు. ఒకసారి వెంటనే, ఒకసారి చాలాసేపు ఆగి, అలా ఏడుసార్లు. ఏడుసార్లూ ఎత్తాడు. ఆఖరికి చప్పట్లు మానేసి, చిన్నగా "ఓబులూ" అన్నాను.

"ఎత్తినాడమ్మా! నగుతాండాడు!"

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కళ్లు తుడుచుకుంటూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. నేనేమీ అనలేదు, కదల్లేదు. అప్పుడు ముసలాయన మళ్లీ, "ఎత్తినాడు," అన్నాడు.

గోడ చుట్టి వచ్చి చూశాను. వాడు లేచి నిలబడి ఉన్నాడు. చేయి పైకే ఉంది. చూపు మాత్రం నా వైపు లేదు, లోయ వైపుంది.

"అక్కా, ఆడ పిలుస్తాండారు."

గొంతు మొద్దుగానే ఉంది గానీ మాట స్పష్టంగా ఉంది. ఆరేళ్ల వయసు దాటాక వాడి నోట "పిలుస్తాండారు" అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

"ఎవుర్నిరా?" అన్నాను. నేను వాడి వెనక ఉన్నాను. వాడు నా పెదాలు చూడలేదు.

"నిన్నే."

నాకేమీ వినబడలేదు. గాలి తప్ప. ముసలాయనను అడిగాను, ఎవరన్నా పిలిచారా అని.

"ల్యాదమ్మా. ఈ పొద్దు ఆ పక్కకు మనిషే పోల్యా. ఆడ లోయ తప్ప ఏముండాది?"

వాడు అటు రెండడుగులు వేశాడు. నాకు భయమేసింది. చేయి పట్టుకుని, వచ్చిన దారినే లాక్కొచ్చాను.

దారంతా వాడు నవ్వుతూనే ఉన్నాడు. చెప్పులు రాళ్ల మీద ఈడ్చి వింటాడు. నా గాజులు కదిలించి వింటాడు. వాడి పేరు చెప్పమన్నాడు. చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. కోట వాకిలి కింద జనంలోకి వచ్చాక, వెనకనుంచి ఇంకోసారి పిలిచాను. వాడు నడుస్తూనే పోయాడు. ముందుకు పోయి భుజం తట్టి పిలిస్తే, నా పెదాల వైపు చూశాడు.

వారం తిరక్కుండా కర్నూలుకు తీసుకుపోయి చెవుల పరీక్ష చేయించాను. పాత రిపోర్టుకూ కొత్తదానికీ తేడా లేదు. డాక్టరు ఓపికగా విని, బండరాయి అదురు కాళ్లకు తెలిసుంటుంది అన్నాడు. చప్పట్లకు ఆ మాట సరిపోతుందేమో. నేను చిన్నగా పిలిచిన పేరుకు?

ఎవరి గొంతు అది, ఆడా మగా అని వాణ్ని ఎన్నోసార్లు అడిగాను. చెప్పలేడు. కోపంగా పిలవలేదట, అన్నానికి పిలిచినట్టుందట. ఒకరోజు వాడే సైగ చేసి అడిగాడు, అంతసేపు పిలిచారే, నువ్వెందుకు పలకలేదు అని.

తర్వాత మూడుసార్లు పోయాం, నడిచే. మూడుసార్లూ అదే గోడ దగ్గర నిలబడి, లోయ వైపు తిరిగి, "ఆ, వస్తాండా!" అని అరిచాను. ఫోటోలు దిగేవాళ్లు వింతగా చూశారు. ఎవరూ పిలవలేదు, వాడు చేయెత్తలేదు. ఆ రోజు జరిగిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసిన సైన్సంతా తిరగేశాను. ఈ చలికాలం మళ్లీ పోదామని వాడు అప్పుడే కొత్త చెప్పులు కొన్నాడు, నాక్కూడా.