మా వీధంతా జడ్జీలే

మా ఎదురింటి డ్రిల్ టీచరుగారు రెండు వారాల కిందట నిద్రలోనే పోయారు. తెల్లవారాక చిట్టి ఆపకుండా మొరుగుతుంటే నాకు అనుమానం వచ్చింది. ఊరికే మొరగడం ఆ ఇంట్లో నిషిద్ధం. ఆవిడ తాళంచెవి ఒకటి ఎప్పుడూ మా ఇంట్లో ఉండేది. తలుపు తీసి వెళ్ళేసరికి ఆవిడ పక్కమీద ప్రశాంతంగా ఉన్నారు. చిట్టి మంచం పక్కన నిలబడి నావైపు చూస్తోంది.

చిట్టి కోర్గీ జాతి కుక్క. నక్క మొహం, నిక్కిన చెవులు, పొడుగాటి ఒళ్ళు, దాని కింద ఎవరో పిసినారితనం చూపించినట్టు జానెడు కాళ్ళు. అలాంటి కుక్కను రాజమండ్రిలో మేమెవరం అంతకుముందు చూసి ఎరగం.

టీచరుగారు నాకు గర్ల్స్ హైస్కూల్లో డ్రిల్ నేర్పారు. ఆవిడ ఈల వేస్తే చెట్టుమీద కాకులు కూడా వరసలో నిలబడతాయని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. పెళ్ళయ్యాక నా అదృష్టం కొద్దీ కాపురం ఆవిడ ఎదురింట్లోనే పడింది. పొద్దున్నే నేను వంగి ముగ్గు వేస్తుంటే "మోకాళ్ళు వంచకమ్మాయ్!" అని అరుగుమీద నుంచి వినిపించేది.

ఆవిడ రిటైరైన ఏడాదే వాళ్ళాయన పోయారు. ఆ తర్వాత ఆ గొంతు వినబడలేదు. పాల ప్యాకెట్ అందుకోవడానికి ఒక చెయ్యి మాత్రం తలుపు సందులోంచి బయటికి వచ్చేది. అది చూడలేక చెన్నైలో ఉండే వాళ్ళ తమ్ముడుగారు ఈ కుక్కపిల్లను బుట్టలో పెట్టుకొచ్చి వదిలి వెళ్ళారు. ఆవిడ విసుక్కున్నారు. కానీ పిల్లగా ఉన్నప్పుడే మనుషులు, చప్పుళ్ళు అలవాటు చెయ్యకపోతే పెద్దయ్యాక బెదురుతుందని ఆయన చెప్పారట. మరి అలవాటు చెయ్యాలంటే గుమ్మం దాటాలిగా!

హారన్లు వినిపించడానికి సంచిలో వేసుకుని కోటిపల్లి బస్టాండుకి తీసుకెళ్ళేవారు. పెళ్ళి బ్యాండు వస్తే ఎదురెళ్ళి నిలబడేవారు. గోదావరి గట్టున వంతెన మీద రైలు పోతున్నంతసేపూ దాని చెవి నిమురుతూ ఉండేవారు. "భయపడకు అంటే ఎవరికీ భయం పోదమ్మాయ్. పక్కన నిలబడాలి" అన్నారు ఒకసారి. ఆ మాట ఎవరి గురించి అన్నారో నాకు అర్థమయ్యింది.

విశాఖపట్నంలో డాగ్ షో జరుగుతుందని తెలిశాక మా టీచరుగారు పూర్తిగా తిరిగొచ్చేశారు. మెళ్ళో మళ్ళీ ఈల, కాళ్ళకి కాన్వాసు బూట్లు. ఎందుకండీ ఇంత పట్టుదల అని అడిగాను. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల్ని గ్రౌండులోకి పంపి గీత ఇవతల నిలబడ్డాను. ఒక్కసారి నేనూ గీత దాటాలి" అన్నారు.

మనుషుల అలవాటు కోసం రోజూ పొద్దున్న వీధిలో ప్రతి గేటు దగ్గరా చిట్టిని ఆపేవారు. మా వీధి సంగతి తెలిసిందే కదా, గేటు దాకా వచ్చినవాళ్ళని ఊరికే పంపడం ఎవరికీ చేతకాదు. ఒకరు పూతరేకు, ఒకరు వెన్న రాసిన పెసరట్టు ముక్క, చివరింటి మామ్మగారు పాలకోవా. ఎవరికి వాళ్ళు "మా ఇంట్లో ఒక్క ముక్కేనండీ" అనుకున్నారు. టీచరుగారు వద్దనలేకపోయారు. ఇన్నాళ్ళకి జనం ఆవిడని పలకరిస్తున్నారు మరి.

విశాఖపట్నంలో జడ్జి చిట్టి నడుం కోసం వెతికి, దొరక్క, నవ్వి పక్కకి పంపేశాడు. తిరుగు ప్రయాణంలో తుని దగ్గర టీకి ఆగినప్పుడు కూడా ఆవిడ కారు దిగలేదు. మర్నాటి నుంచి నడక మేడమీదే. గేట్లు బంద్. వీధి అలిగింది. నేనూ అలిగాను, దాచుకోవడం ఎందుకు! కొన్నాళ్ళకి చిట్టి నడుం కనిపించింది కానీ, కొత్త చెయ్యి తగిలితే వెనక్కి నక్కడం మొదలుపెట్టింది. అలాంటి కుక్క జడ్జి ముందు నిలబడలేదు. ఆవిడ మళ్ళీ తలుపు వేసుకుంటారేమోనని నాకు బెంగ పట్టుకుంది.

ఒకరోజు పొద్దున్న ఈల వినబడింది. టీచరుగారు గిన్నెనిండా కీరదోస ముక్కలతో వీధిలోకి వచ్చి అందరినీ గేట్ల దగ్గరికి పిలిచారు. "ఇకనుంచి మీరే జడ్జీలండీ. చెవులు చూడాలి, పళ్ళు చూడాలి, నడుం తడమాలి. అప్పుడు ఈ ముక్క పెట్టాలి. నేను 'ఊఁ, తిను' అంటేనే అది తింటుంది."

మామ్మగారు నొచ్చుకున్నారు. "దోసకాయ పెట్టి పంపడం ఏం మర్యాదండీ?"

"మర్యాదంతా మీ చేతిలో ఉందండీ, కోవాలో ఏముంది? దానికి మీ చెయ్యి కావాలి" అన్నారు టీచరుగారు. మామ్మగారు కొంగుతో చేతులు తుడుచుకుని చిట్టి పళ్ళు చూశారు.

ఆ ఏడంతా మా వీధిలో అదే పని. మరుసటి ఏడాది షోకి నేనూ వెళ్ళాను. చిట్టి నాలుగు కాళ్ళూ సమంగా ఆనించి, తల ఎత్తి, జడ్జి తడుముతుంటే కదలకుండా నిలబడింది. పక్కన టీచరుగారూ అంతే నిటారుగా ఉన్నారు. మూడో స్థానం వచ్చింది. "గీత దాటానే అమ్మాయ్!" అని నా చెయ్యి నొక్కారు. ఆవిడ కళ్ళు తడవడం నేను చూసింది అదొక్కసారే. ఆ రిబ్బన్ని ఇంటింటికీ తెచ్చి చూపించి, "మీకే వచ్చింది" అని ప్రతివాళ్ళకీ చెప్పారు.

తర్వాత షోలు తగ్గాయి, చిట్టి మూతి నెరిసింది, పొద్దుటి తనిఖీ మాత్రం ఏనాడూ ఆగలేదు. నన్ను బడిలో ఎండలో నిలబెట్టిన మనిషిని ఇంతగా ప్రేమిస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

పన్నెండో రోజు కార్యక్రమం అయ్యాక తమ్ముడుగారు చిట్టిని మా ఇంట్లో ఉంచి వెళ్ళారు. నిన్న పొద్దున్న దాన్ని నడిపించాను. ప్రతి గేటు దగ్గరా ఆగి, ముసలి కాళ్ళు సర్దుకుని నిలబడింది. వీధివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చెవులు చూశారు, పళ్ళు చూశారు. కీరదోస ముక్కలు పెట్టారు. అది ఒక్కటీ ముట్టలేదు. "ఊఁ, తిను" అని నేనన్నా వినలేదు.

తాళం వేసిన టీచరుగారి గేటు దగ్గర చివరిసారి ఆగింది. నేను వంగి నడుం తడిమాను. తిండి మానేసిందేమో, వేళ్ళకి ఎముకలు తగిలాయి. మామ్మగారు మెల్లగా నడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డారు. అరచేతిలో పాలకోవా. "ఈ ఒక్కరోజుకీ ఆవిడేమీ అనరులే" అన్నారు. చిట్టి కోవా వాసన చూసి, తల ఎత్తి, మూసి ఉన్న తలుపు వైపు చెవులు నిక్కించింది.