నెస్టా సంచీ తగిలించిన మేకు

వేల్స్‌లోని కమ్‌హెలిగ్ లోయలో యెస్టిన్ ప్రాబర్ట్‌ని అందరూ దొంగ అనేవాళ్లు. ఆ మాట వింటే వాళ్ల నాయనమ్మ నెస్టా మురిసిపోయేది. పెనం మీద కాలుతున్న ఎండుద్రాక్ష రొట్టెల్ని ఆమె వెనక్కి తిరిగేలోగా మాయం చేసిన వేళ్లు కదా అవి, ఊరికే పోతాయా!

రగ్బీలో అతడు ఫ్లాంకర్. బంతి పట్టుకున్నవాడు కిందపడగానే అందరికన్నా ముందు అక్కడికి ఉరికి, కాళ్ల మీదే నిలబడి వంగి, వాడి చేతుల్లోంచి బంతి ఊడలాక్కోవాలి. మోకాలు నేలకి ఆనకూడదు, పక్కనుంచి దూరకూడదు. యెస్టిన్ రెండూ చేసేవాడు, రిఫరీ అటు తిరిగాక. కార్డిఫ్‌లో పెద్ద జట్టు అతడికి ఏళ్ల తరబడి జీతమిచ్చింది ఈ విద్యకే. చెవులు నలిగి వడియాల్లా తయారయ్యాయి. ముక్కు ఎన్నిసార్లు విరిగిందో ముక్కుకే తెలియాలి.

ఎంత ఆడినా ఊళ్లో లెక్క వేరు. లోయలోని క్లబ్బులో ఆట నేర్చినవాడు వేల్స్ దేశం తరఫున ఆడితే, ఆ ఎర్ర చొక్కా తెచ్చి క్లబ్బు గోడకి తగిలించాలి. యెస్టిన్‌ని మొదటిసారి దేశం జట్టులోకి పిలిచారని తెలిసిన సాయంత్రమే కార్యదర్శి గ్లాన్‌విల్ ఆగలేక గోడకి మేకు కొట్టేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ రోజు యెస్టిన్ బల్ల మీదే కూర్చున్నాడు. అదనపు ఆటగాడికీ చొక్కా ఇస్తారు గానీ, మైదానంలో అడుగు పెట్టనిదే ఆడినట్టు కాదు. తర్వాత పిలిచినప్పుడూ బల్లే. ఆపైనా బల్లే. ఇంటికి తెచ్చిన చొక్కాని నెస్టా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది.

"ఉతికే పనే పెట్టలేదురా. బల్ల తుడిచొచ్చావా?"

"పెరట్లో కాస్త బురద పూసి తగిలించేద్దాం నెస్టక్కా, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు గ్లాన్‌విల్.

"నువ్వే పొర్లు ఆ బురదలో. నిన్నే తగిలిస్తాం."

ఖాళీ మేకు ఖాళీగానే ఉండిపోయింది. నెస్టా రోజూ క్లబ్బు తెరవగానే వచ్చి, తన నల్ల తోలు సంచీ దానికి తగిలించి, మూసేదాకా కూర్చునేది. సొంత నాయనమ్మే నలుగురిలో అలా వెక్కిరిస్తుంటే యెస్టిన్‌కి లోపల చివుక్కుమనేది. పైకి నవ్వేవాడు. ఇంతలో కుడి మోకాలు మొరాయించింది. ఈ సీజన్‌తో సరి అని జట్టు చెప్పేసింది. అదే ఊరి కుర్రాడు రోడ్రి, నిన్న గాక మొన్న మీసం మొలిచినవాడు, దేశం తరఫున ఆడి వచ్చాడు. గోడ మీద అందరికీ కనబడేలా మిగిలింది ఆ చోటొక్కటే. చావో రేవో, ఇక ఒక్క పిలుపే మిగిలిందని యెస్టిన్‌కి తెలుసు.

ఆ పిలుపు స్కాట్లండ్‌తో ఆటకి వచ్చింది. ఆట ముగియబోతుండగా వేల్స్ రెండు పాయింట్లతో ముందుంది. మైదానంలో ఉన్న ఫ్లాంకర్ కుంటుతూ బయటికొచ్చాడు. యెస్టిన్ లేచాడు.

పరుగెత్తుకెళ్లి మొదటి గుంపులోనే చేతులు పెట్టాడు. జన్మలో మొదటిసారి నియమం తప్పకుండా పెట్టాడు. రెండు కాళ్ల మీద ఉన్నాడు, వెనకనుంచే వచ్చాడు, బంతి చేతికొచ్చింది. రిఫరీ ఈల ఊది, తప్పు నీదేనని అతడి వైపే వేలు చూపించాడు.

"అయ్యా, ఇది నిజంగానే న్యాయంగా తీశా!"

ఇన్నేళ్ల దొంగ మాట ఎవరు నమ్ముతారు? ఆ తప్పుకి శిక్షగా స్కాట్లండ్ వాడు బంతిని కర్రల మధ్యనుంచి తన్నాడు. మూడు పాయింట్లు. ఆట అయిపోయింది, వేల్స్ ఓడింది.

ఆదివారం మధ్యాహ్నం క్లబ్బులో అడుగు పెడితే బఠానీలు తినే చప్పుడు కూడా ఆగిపోయింది. యెస్టిన్ చొక్కాని చంకలో దాచుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"దేశాన్ని ముంచి వచ్చావటగా" అంది నెస్టా.

"న్యాయంగానే తీశానే నాయనమ్మా."

"అదేరా నీ తప్పు. అలవాటు లేని పని అప్పటికప్పుడు చేస్తారా ఎవరైనా? ఇటివ్వు."

చొక్కా విప్పి చూసింది. ఛాతీ మీద బురద, మోచేతుల దగ్గర పచ్చిక మరకలు. వాసన చూసింది. లేచి సంచీ తీసి అతడి చేతిలో కుక్కి, ఉతకకుండానే ఆ చొక్కాని మేకుకి తగిలించింది.

"ఓడిపోయిన చొక్కా నెస్టక్కా!" అని గ్లాన్‌విల్ గొణిగాడు. "అక్కడ రోడ్రిది పెడదామని కమిటీలో అప్పుడే అనుకున్నాం. అసలు ఆ మేకుని పీకేద్దామని ఎన్నిసార్లు పటకారు పట్టుకొచ్చానో! వచ్చినప్పుడల్లా నీ సంచీ వేలాడుతూ ఉండేది. ఆడమనిషి సంచీ ముట్టుకోలేక తిరిగిపోయేవాణ్ణి."

"అందుకేగా తగిలించింది" అంది నెస్టా, గ్లాసు అందుకుంటూ.

యెస్టిన్ చేతిలోని సంచీ వైపు చూశాడు. ఇన్నాళ్లూ వెక్కిరింత అనుకున్నాడు.

"నాది ఆ తలుపు పక్కన పెట్టుకుంటాలే అన్నా, గాలి తగులుద్ది" అన్నాడు రోడ్రి. "నీది మాత్రం బాగా కంపు కొడుతోంది."

క్లబ్బంతా గొల్లున నవ్వింది. గ్లాన్‌విల్ కూడా నవ్వి, సంచీ బల్ల కింద పెడతానని చెయ్యి చాచాడు. యెస్టిన్ ఇవ్వలేదు. ఇద్దరు కుర్రాళ్లు వెనకనుంచి లాగబోయారు. కాళ్లు ఎడంగా పెట్టి, నడుం వంచి, పొట్టకి అదుముకున్నాడు. ముసలమ్మ ఇంటికి బయల్దేరేదాకా ఆ సంచీని అతడి చేతుల్లోంచి ఎవరూ లాక్కోలేకపోయారు.