నాలుగు నిమిషాలు ముందే పోయే చుక్క

కంటి ఆపరేషన్ అయ్యాక గడియారాలు బాగుచేసే ఆయనకి తన చేతిమీద నమ్మకం పోయింది. కన్ను కుదురుకుంది, డాక్టరు పని చేసుకోమన్నాడు. ఈయనకే అనుమానం. ఆ రోగానికి కంట్లో వేసే మందు పనిచేయదు.

అందుకే ఆపరేషన్ తర్వాత బాగుచేసిన మొదటి గోడగడియారానికి పరీక్ష పెట్టాడు.

"ఫోన్లో చూసుకోవచ్చుగా," అంది భార్య.

"ఫోన్ని ఎవడో మనిషి సరిచేస్తాడు. చుక్కని సరిచేసే మొనగాడెవడే?"

భోజనాలయ్యాక ఆవిడ కిటికీ చట్రానికి తల ఆనించి, ఒక కన్ను మూసుకుని, ఎదురింటి నీళ్ల ట్యాంకు పక్కనున్న పెద్ద చుక్కని చూడాలి. అది ట్యాంకు అంచు వెనక్కి పోగానే "పోయింది" అనాలి. ఆయన గడియారం చూస్తాడు. భూమి ఒక చుట్టు తిరిగితే చుక్క మళ్లీ అక్కడికే వస్తుంది కాబట్టి రోజూ అదే టైముకి పోవాలని ఆయన లెక్క.

మర్నాడు చుక్క నాలుగు నిమిషాలు ముందే పోయింది.

"నిద్రొచ్చి ముందే అనేశావు."

"ఇన్నేళ్లు మీ గురకలోనే మేలుకుని ఉన్నదాన్ని, చుక్కని చూస్తూ నిద్రపోతానా?"

మూడో రోజు ఇంకో నాలుగు. ఆ తర్వాతి రోజు మరో నాలుగు. ఆయన ఇక ఆవిడనేమీ అనలేదు. ఆవిడకి భయమేసింది అప్పుడే. సాధించే మనిషి సాధించడం మానేస్తే ఇల్లు ఇల్లులా ఉంటుందా?

పొద్దున్నే పట్టకార్లు, భూతద్దం తుడిచి పెట్టెలో సర్దేశాడు. "సాయంత్రం పక్కవీధి గడియారాల షాపతన్ని వచ్చి ఈ పెట్టె తీసుకెళ్లమన్నాను. గడియారం రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతోంది. నా పనైపోయింది."

ఆవిడ ఆయన చూడకుండా ఫోన్ పట్టుకుని గడియారం ముందు నిలబడింది. ఇన్ని రోజులుగా ఎవరూ ముట్టని ఆ గడియారం ఫోన్‌తో నిమిషం తేడా లేకుండా నడుస్తోంది. వెంటనే కూతురికి ఫోన్ చేసింది. కూతురు బడిలో టీచరు. మధ్యాహ్నం వచ్చి, సంగతి విని నవ్వింది.

"నాన్నా, ఇలా నిలబడు. ఎదురుగా ఉన్న ఆ గోడే చుక్క. మధ్యలో అమ్మ సూర్యుడు. నువ్వు భూమివి, అమ్మ చుట్టూ తిరగాలి."

"అది ఎప్పుడూ ఉన్న ఉద్యోగమే," అన్నాడు.

"నీ చుట్టూ నువ్వు తిరుగుతూనే అమ్మ చుట్టూ ఒక అడుగు వెయ్యి. మళ్లీ గోడవైపు మొహం రాగానే ఆగు."

తిరిగి ఆగాడు. ఎదురుగా గోడ ఉంది, భార్య లేదు. కాస్త పక్కకుంది.

"చుక్క లెక్కలో నీ చుట్టు అయిపోయింది. అమ్మ ఎదురుపడాలంటే ఇంకాస్త తిరగాలి. ఆ కాస్తకే నాలుగు నిమిషాలు. గడియారాలు నడిచేది సూర్యుణ్ణి బట్టి నాన్నా, చుక్కని బట్టి కాదు."

ఆయన ఇంకాస్త తిరిగాడు. భార్య ఎదురుపడింది.

"అయితే నా చెయ్యి బాగానే ఉంది."

"నా కన్నూ బాగానే ఉంది. నిద్రొచ్చిందన్న పెద్దమనిషి ఎవరో?"

"నేనే. ఇన్ని రోజులు నువ్వు అంత నికరంగా చూడకపోతే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు."

ఆయన నోట ఒక మంచిమాట రావడానికి భూమంత భూమి తిరగాల్సి వచ్చిందని ఆవిడ మనసులోనే అనుకుంది. కంటి డాక్టరుకీ, కూతురికీ, ఆ చుక్కకీ కలిపి ఒక దణ్ణం పెట్టుకుంది.

సాయంత్రం షాపతను వచ్చాడు. ఆయన కుర్చీ వేసి, టీ ఇప్పించాడు. "పెట్టె ఇవ్వలేనయ్యా, ఏమీ అనుకోకు. నీ దగ్గర మొండికేసిన గడియారాలేమైనా ఉంటే పంపించు, చూస్తాను."