మాస్టారి యాంటెన్నాకి నేను వేసిన ముడి

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. ఈ ఉదయం కాలిన పెనం మీద నీళ్లు చిలకరిస్తే, స్స్‌మన్న చప్పుడుకి నా చెయ్యి ఆగిపోయింది. మా పక్కింటి సత్యానందం మాస్టారి రేడియో సెట్టు, మాట దొరికేదాకా, అచ్చం అలాగే బుసకొట్టేది.

రాజోలు దగ్గర మా ఊళ్లోనే ఉండేవారు, రిటైరైన సైన్సు మాస్టారు. లైసెన్సు తెచ్చుకుని, శాటిలైట్ మీదుగా దూరాల్లో ఉన్నవాళ్లతో మాట్లాడడం ఆయన సరదా. చేతులకి వణుకు వచ్చాక యాంటెన్నా పట్టుకునే పని నాకు అప్పజెప్పారు. కర్రకి అల్యూమినియం పుల్లలు వరసగా బిగించిన, చేపముల్లు లాంటి వస్తువది. ఐదో తరగతితో బడి మానేసి పీచుతాళ్లు పేనుకునేదాన్ని, నాకేం వస్తుందండీ అన్నాను.

"తాడు పేనే మణికట్టే కావాలమ్మా దీనికి" అన్నారు.

పైన పోయే ఆ శాటిలైట్ పెట్టె దొర్లుతూ పోతుందట. దాని పుల్ల నిలువుగా ఉంటే మన పుల్లలూ నిలువుగా ఉండాలి, అది పడుకుంటే మనవీ పడుకోవాలి. లేకపోతే మాట సన్నగిల్లిపోతుంది. పది నిమిషాల్లో అది దాటిపోయేలోగా, చెవితో వింటూ మణికట్టు తిప్పుతూ ఉండాలి. వారం తిరక్కుండా నాకు పట్టుబడింది. అండమాన్‌లో ఉండే దాసు గారి గొంతు ఆ బుసలోంచి తేటగా బయటికి వస్తే మాస్టారు నా వంక చూసి తల ఊపేవారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు. ఇరవై ఏళ్ల స్నేహమంతా గొంతులతోనే.

ఒకసారి మాస్టారు ఇంకో రకం చేద్దామనుకున్నారు, ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా, శిలువలా. "ఇదైతే అది ఎటు దొర్లినా పట్టేస్తుందమ్మా. కాస్త బలం తగ్గుతుంది, అంతే. తిప్పే మనిషి అక్కర్లేదు."

నాకు ఎక్కడో గుచ్చుకుంది. "నేనుండగా అదెందుకండీ? ఏ సాయంత్రం పిలిచినా రానా?"

ఆయన నవ్వి, ఆయ్ అని, తెచ్చిన పుల్లలు అటకెక్కించేశారు.

కొన్నాళ్లకి దాసు గారికి గొంతులో కేన్సరని, ఆపరేషనైతే ఇక మాట ఉండదని తెలిసింది. ఆసుపత్రిలో చేరే ముందురోజు సాయంత్రం ఆఖరిసారి మాట్లాడుకుందామనుకున్నారు ఇద్దరూ. ఆ రోజే తాటిపాకలో మా చెల్లెలి మనవడి పుట్టినరోజు ప్రార్థన. సాయంత్రానికి వచ్చేస్తానన్నాను. ఎందుకైనా మంచిదని, ఆయన చూపించిన దిక్కుకి పెట్టి, యాంటెన్నాని డాబా మీది గుంజకి పీచుతాడుతో బిగించి కట్టాను. ప్రార్థనయ్యాక భోజనాలకి కూర్చోబెట్టారు. ఇంకో బస్సుకి వెళ్దువులే అక్కా, మాస్టారు పారిపోతారా అంది చెల్లెలు. బస్సు వెళ్లిపోతుందని తెలిసే ఇంకో గరిటె వేయించుకున్నాను.

నేను డాబా ఎక్కేసరికి సెట్టు బుసకొడుతూనే ఉంది. మాస్టారు గుంజ పక్కన నిలబడి ఉన్నారు, వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయాయి. దాసు గారు మొదట బాగానే వినిపించారట. ఒక్క మాట చెప్పాలి మాస్టారూ అన్నాక గొంతు మునిగిపోయిందట.

"తిప్పుదామంటే ముడి రాలేదమ్మా" అన్నారు.

"బస్సు తప్పిపోయిందండీ" అన్నాను. ఆయన నమ్మేశారు. పాపం, ఎంత అలిసిపోయావోనని మంచినీళ్లు కూడా ఇచ్చారు.

ఆ రాత్రి ఫోన్ కలవలేదు, మర్నాడు కలిసేసరికి దాసు గారిని ఆపరేషన్‌కి తీసుకెళ్లిపోయారు. నెల తర్వాత ఆ మాటేదో దాసు గారు ఉత్తరంలో రాసి పంపారు. మాస్టారు రెండుసార్లు చదువుకుని మడిచి పెట్టారు. "రాత బాగుందమ్మా. గొంతే లేదు."

మాస్టారు పోయేలోగా నిజం చెబుదామని ఎన్నిసార్లు గుమ్మందాకా వెళ్లానో. చెప్పలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా, నువ్వు లేకపోయినా జరిగే ఏర్పాటు చేసుకుంటామంటే, నేనే దగ్గరుండి చేయిస్తాను. అప్పుడు గుచ్చుకున్నది ఇప్పటికీ గుచ్చుకుంటుంది, అయినా చేయిస్తాను.

మీ ఇంట్లోవాళ్ల గొంతులన్నీ పదికాలాలు మీ చెవిన పడుతూ ఉండాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.