పడవ కింద పళ్లెం

పొద్దున లేవగానే ఆయన మొదట పలకరించేది ఇంట్లోవాళ్లను కాదు, పెరట్లో కుళాయిని. తలుపు వెనక ఆనించి ఉండే నాలుగడుగుల ఇనుప కడ్డీ తీసుకుంటాడు. ఒక కొన కుళాయి గొట్టం మీద, రెండో కొనకున్న చెక్క బిళ్ల తన చెవి మీద పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. నీళ్లు కదలకూడని వేళ కదులుతున్నాయేమోనని నిమిషంసేపు వింటాడు. మొహం కడుక్కోవడమైనా, టీ తాగడమైనా ఆ తర్వాతే.

ఆయన ఉద్యోగమూ అదే. నీటి సరఫరా ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లుగా లీకులు వినడమే పని. రోడ్డు పైకి పొడిగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. కింద ఎక్కడో గొట్టం పగిలి నీళ్లు మట్టిపాలవుతుంటాయి. ఆయన నాలుగడుగులకోసారి కడ్డీ ఆనించి వింటూ వెళ్లి, ఒకచోట సుద్దతో గుండ్రంగా గీసి "ఇక్కడ తవ్వండి" అనేవాడు. తవ్వితే అక్కడే ఉండేది. ఆఫీసులో ఆయన అసలు పేరు జీతం పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆయన చెవిగారు.

ఇన్నేళ్లు కాళ్ల కింద నేలనే అనుమానిస్తూ బతికినవాడికి మనుషుల మీద నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది? పాలు పోసేవాడు నవ్వితే పాలలో నీళ్లెక్కువయ్యాయంటాడు. కూతురు కాలేజీ నుంచి అరగంట ముందొస్తే ముందెందుకొచ్చావంటాడు, ఆలస్యమైతే ఆలస్యమెందుకంటాడు. "మీరు అద్దంలో చూసుకున్నా, ఇతను మనింట్లోకి ఎలా వచ్చాడే అని నన్నడుగుతారు" అని భార్య దెప్పేది.

అలాంటి ఇంటికి ఒక ఆదివారం పడవ వచ్చింది.

తెచ్చినవాడు బావమరిది. కార్ల సొట్టలు తీసి రంగులు వేసే షెడ్డు నడుపుతాడు. ట్రాలీ మీద బోర్లా వేసి, తాళ్లతో కట్టి, దడదడలాడించుకుంటూ సందు మలుపు తిప్పి పెరట్లోకి తోయించాడు. పన్నెండడుగుల అల్యూమినియం పడవ. ఎప్పుడో మూతపడిన బోటు క్లబ్బుదట. పాత ఇనుము కొట్టులో పడుంటే దాని కింద రెండు కుక్కలు కాపురం పెట్టాయట.

"ఇదేంట్రా?"

"పడవ బావా."

"కళ్లున్నాయి నాకు. ఎందుకని?"

"బాగుచేసుకుని చెరువులో తిరుగుదామని."

"ఎవరి ఆలోచన?"

బావమరిది అక్క వైపు చూశాడు. ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, "నాదే" అంది. "ఆదివారం వస్తే అమ్మాయి ఫోను ముందు, నేను కుట్టుమిషను ముందు, మీరు కుళాయి ముందు. అందరం కలిసి చేసుకునే పని ఒకటుంటే బాగుంటుందనిపించింది."

పాతికేళ్ల కాపురంలో నీళ్ల మీద తేలేది ఒక్కటి కూడా అడిగి ఎరగదు ఆవిడ. ఆయన పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వేలి కణుపుతో రేకు మీద కొట్టి చూశాడు. ఇందులో ఏదో ఉంది అనుకున్నాడు.

నిజానికి దాచిన సంగతి ఉన్నది ఆయన దగ్గరే. అంతకు పది రోజుల ముందు ఆయన గుర్తు పెట్టినచోట తవ్వితే పొడిమట్టి వచ్చింది. అంతకుముందు నెలలోనూ ఒకసారి అలాగే జరిగింది. రెండోసారి అసలు లీకు రెండు వీధుల అవతల బయటపడి, రోడ్డు కుంగి, కూరగాయల బండి చక్రం దిగబడింది. ఇంజినీరు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. వచ్చే నెల మొదటి సోమవారం ఆసుపత్రిలో చెవుల పరీక్ష చేయించుకోవాలి. తేడా ఉంటే కడ్డీ అప్పగించాలి.

ఆయన ఆ కాగితాన్ని మడిచి పాత రెయిన్‌కోటు జేబులో పెట్టాడు. ట్రాఫిక్కు పెరిగిపోయింది, కొత్తగా వేసే ప్లాస్టిక్ గొట్టాలు సరిగ్గా పలకవు, అంతేగాని తన చెవికేమైంది? ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా వీళ్లకు తెలిసిపోయిందేమోనని మాత్రం ఆ రోజు నుంచీ అందరి మొహాలూ చదవడం మొదలుపెట్టాడు.

ఆదివారాలు పడవ పని సాగింది. ముందు పాత రంగు గోకారు. పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, దాని కింద ఎవరో పసుపు. "ఇన్ని రంగులు వేశారంటే ఏదో దాచడానికే" అన్నాడాయన. "మా షెడ్డుకొచ్చే కార్లన్నీ అంతే బావా, మనుషులూ అంతే" అన్నాడు బావమరిది. కూతురు పకపకా నవ్వింది. అందులో నవ్వేందుకేముందో ఆయనకు తెలియలేదు.

ఆయనకు ఎక్కువగా గుచ్చుకున్నది గుసగుసలు. పడవకు ఇటువైపు తను గోకుతుంటే, అటువైపు ముగ్గురి పెదవులూ ఆడుతుండేవి. మాట వినపడేది కాదు. తను లేచి అటు వెళ్లేసరికి ఆపేసేవాళ్లు.

"ఏంటా చెవులు కొరుక్కోవడం?"

"చెవులు కొరుక్కోవడమా?" కూతురు నోరు తెరిచింది. "రంగు గోకే పప్పు కాగితం ఏదని మావయ్యను అరిచి అడుగుతున్నా నాన్నా! పక్కింటివాళ్లు కూడా విని ఉంటారు."

"ఉప్పు కాగితం తల్లీ, పప్పు కాదు" అన్నాడు మావయ్య. మళ్లీ నవ్వులు. ఆయన నవ్వలేదు. చూడు, మాట ఎంత చక్కగా మార్చారో అనుకున్నాడు.

మూడో ఆదివారం రేకుల్ని కలిపి పట్టుకునే రివిట్ల పని మొదలైంది. వదులైన పాత రివిట్టు తీసేసి, కన్నంలో కొత్తది దూర్చాలి. లోపల ఒకరు ఇనుప దిమ్మను దానికి అదిమి పట్టుకోవాలి, బయట నుంచి ఒకరు సుత్తితో కొట్టాలి. ఇద్దరికీ మధ్య పడవ గోడ అడ్డం, ఒకరికొకరు కనపడరు. మాటే ఆధారం. లోపల భార్య, బయట ఆయన. మొదటి నాలుగూ బాగానే దిగాయి. ఐదోదానికి ఆయన కొడుతుండగా లోపల్నుంచి దిమ్మ ధనేల్మని పడింది. ఆవిడ బొటనవేలు పట్టుకుని పడవలోంచి లేచింది.

"ఆగండి అంటున్నానుగా!"

"ఎప్పుడన్నావు?"

"మూడుసార్లు అంది నాన్నా" అంది కూతురు.

"మూడుసార్లే" అన్నాడు బావమరిది.

ఆయన ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరూ ఒకే లెక్క, తడుముకోకుండా. ముందే అనుకుని ఉండకపోతే అంత టకీమని ఎలా చెప్తారు? ఆఫీసు నుంచి ఎవరో వచ్చి వీళ్లకు నూరిపోశారు. ఈ పడవంతా అందుకే. తన చెవిని ఇంట్లోనే పరీక్ష పెట్టి, అక్కడికి కబురు పంపడానికే. వేలు నీలంగా కమిలిన భార్యకు ఐసుముక్క తెచ్చిచ్చాడు గానీ, ఆవిడ మొహంలోకి చూడలేదు.

నాలుగో ఆదివారం పడవలో నీళ్లు పోశారు. చెక్క స్టాండ్ల మీద ఎత్తిపెట్టి, లోపల జానెడు లోతున నింపితే, కారే రివిట్టు దగ్గర బయట చుక్క పడుతుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. లీకు, సుద్ద. ఇది ఆయన రాజ్యం.

"ఎవరూ దగ్గరికి రావద్దు. నేను వింటాను" అన్నాడు. కడ్డీ తెచ్చి రివిట్టు రివిట్టుకీ ఆనించి, కళ్లు మూసుకుని పడవంతా విన్నాడు. నాలుగు చోట్ల గుర్తు పెట్టి, "ఇంతే" అన్నాడు.

కూతురు పడవ కింద పరిచిన పాత వార్తాపత్రికలు మెల్లగా బయటికి లాగింది. కాగితం మీద తడి మచ్చలు ఉన్నాయి. లెక్కపెడితే పందొమ్మిది.

"ఎవరు చల్లారు ఈ నీళ్లు?"

"బావా..."

"నువ్వేనా?"

"నేను ఇటు మూల కూర్చుని టీ తాగుతున్నాను కదా బావా, గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది!"

సరే, పట్టుకుంటాను వీళ్ల సంగతి అనుకున్నాడాయన. ఆయన ఎవర్నైనా ఊరికే నిందించే మనిషి కాదు, పరీక్ష పెట్టి తేలుస్తాడు. వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెచ్చి, తను గుర్తు పెట్టని ఒక మచ్చకు సరిగ్గా పైనున్న రివిట్టు కింద బోర్లా పెట్టాడు. బోర్లించిన పళ్లెం మీద చీమ నడిచినా పలుకుతుంది. నిజంగా చుక్క పడితే వినపడి తీరాలి.

"నువ్వు వెళ్లి ఆ గోడ దగ్గర అటు తిరిగి నిలబడు" అన్నాడు కూతురితో. "చుక్క పడ్డప్పుడల్లా చెయ్యెత్తు. ఇటు చూశావో..."

"చూడను నాన్నా."

ఆమె గోడకు మొహం పెట్టి నిలబడింది. అక్కడికీ ఇక్కడికీ పదిహేనడుగులు ఉంటుంది. ఆయన పడవ పక్కన మోకాళ్ల మీద కూర్చుని పళ్లెం మీద చూపు నిలిపాడు.

రివిట్టు తల కింద నీరు ఊరింది. గుండ్రమైంది. బరువెక్కింది. పడింది. పళ్లెం మీద చిన్న పువ్వులా చిట్లింది.

ఆయనకు ఏమీ వినపడలేదు.

తలెత్తి చూస్తే గోడ దగ్గర కూతురి చెయ్యి పైకి లేచి ఉంది.

అదృష్టం కొద్దీ కలిసింది అనుకున్నాడు. ఇంకో చుక్క పడింది, చెయ్యి లేచింది. పళ్లాన్ని ఇంకో రివిట్టు కిందికి జరిపాడు. చుక్క ఆలస్యమైంది. చెయ్యి కూడా ఆలస్యంగానే లేచింది. చెవి పళ్లానికి ఆనించేంత దగ్గరగా వంగాడు. చుక్క పడి నీటితుంపర చెంప మీద చల్లగా తగిలింది. చప్పుడు రాలేదు. మెట్ల మీద కూర్చుని చొక్కాకు గుండీ కుడుతున్న భార్య వైపు చూశాడు. చుక్క పడ్డప్పుడల్లా ఆవిడ సూది ఒక్క క్షణం ఆగుతోంది. ఆ సంగతి ఆవిడకే తెలియదు.

పది చుక్కలు చూశాడు. పన్నెండు చూశాడు. ఆ తర్వాత పళ్లెం తీసి తుడిచి, "చాల్లే అమ్మా, ఇటు తిరుగు" అన్నాడు.

లోపలికి వెళ్లి రెయిన్‌కోటు జేబులోని కాగితం తెచ్చి భార్య ఒళ్లో పెట్టాడు. ఆవిడ విప్పను కూడా లేదు.

"చూశాను. రెయిన్‌కోటు ఉతికాక జేబులో చేతికి తగిలింది. ఎండబెట్టి అక్కడే పెట్టాను."

ఆయన కాగితం వైపు చూశాడు. అప్పడంలా పెళుసుగా, అంచులు వంకర తిరిగి, సిరా వెలిసిపోయి ఉంది. లోకంలో అందర్నీ అనుమానించిన మనిషికి తన జేబులో కాగితం నీళ్లలో మునిగి లేచిందన్న అనుమానం మాత్రం రాలేదు.

"అయితే ఈ పడవ..."

"పడవ పడవ కోసమే. అది వచ్చాక రెండు వారాలకు చూశాను కాగితం. మీ చెవి సంగతంటారా, టీవీ మోత పెరిగి ఏడాదైంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఏమంటారు?"

'ఎవరు చెప్పమన్నారు నీకు' అన్న ప్రశ్న ఆయన నాలుక చివరిదాకా వచ్చేసి ఉంది. దాన్ని మింగేసి, పళ్లెం వంటింట్లో పెట్టొచ్చాడు.

తర్వాతి ఆదివారం మిగిలిన రివిట్లు వేశారు. లోపల భార్యే, బయట ఆయనే. బావమరిది తను కొడతానన్నా సుత్తి ఇవ్వలేదు. "నోటితో చెప్పకు" అన్నాడు భార్యతో. "దిమ్మతో రేకు మీద తట్టు. ఒకటి తడితే కొడతాను, రెండు తడితే ఆగుతాను." ఎడమ అరచెయ్యి పడవ గోడకు ఆనించి పెట్టుకున్నాడు. లోపల్నుంచి తట్టు అరచేతిలోకి సూటిగా వచ్చేది. ఒక్క వేలు కూడా నలగలేదు.

పడవ ముందు ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. ఆవిడ తట్టుతోంది, కానీ అక్కడ రేకు అరచేతికి బద్ధకంగా పలుకుతోంది. "ఇక్కడేదో ఉంది" అన్నాడు. బావమరిది ఉన్నట్టుండి టీ గ్లాసులు కడిగేందుకు లేచాడు. ఆయన ఉలితో గోకాడు. బావమరిది ముందే పూసిన కొత్త రంగు, దాని కింద కార్ల సొట్టలు పూడ్చే పుట్టీ, దాని కింద వేలు పట్టేంత కన్నం.

"ఏరా!"

"కారు డోరుకు అలాగే చేస్తాం బావా. అలవాటులో..."

"కారు తేలనక్కర్లేదురా వెధవా!"

అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువసేపు నవ్వినవాడు ఆయనే. నెల రోజుల అనుమానాల్లో ఒక్కటైనా నిజమైనందుకు ఆయనకు ఎంత తృప్తిగా ఉందో మొహంలోనే తెలిసింది.

సోమవారం ఆసుపత్రికి భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, చప్పుడు వినపడితే మీట నొక్కమన్నారు. వినపడనప్పుడు ఆయన నొక్కలేదు. అడిగిన ప్రతిదానికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సన్నటి చప్పుళ్లు రెండు చెవులకూ అందడం లేదని కాగితం మీద రాసిచ్చారు. ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వెళ్లి కడ్డీ అప్పగించాడు. ఇంట్లోది మాత్రం సొంతది కాబట్టి ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. రెండు చెవులకూ మిషన్లున్నాయి. నీటి సరఫరా ఆఫీసులోనే మ్యాపుల గదిలో కూర్చుని, ఏ వీధి కింద ఏ గొట్టం ఎప్పుడు వేశారో అడిగినవాళ్లకు చెప్తాడు. పడవ ఆదివారాలు చెరువు మీద ఉంటుంది. ముందు ముక్కు దగ్గర ఇంకా కొంచెం కారుతుంది. నీళ్లు తోడే మగ్గు బావమరిది చేతిలో ఉంటుంది.